పలాస వైపునుంచి తలుపు తడుతున్నది ఎవరో

పోర్ట్‌బ్లెయిర్,
ఆదివారం, ఆరాధన ముగిసిన తరువాత

ప్రియమైన చెల్లెలు శాంతకు,

సముద్రానికి ఈవలి ఒడ్డునుంచి నీ అన్నయ్య ప్రేమానందం దీవెనలు. ఇక్కడ నేనూ, సువార్తా, అల్లుడుగారూ దేవుని కృపలో ఆరోగ్యంగానే ఉన్నాము. అక్కడ నీవూ, బావగారూ ఎలా ఉన్నారు? బావగారి దగ్గు తగ్గిందా? జీడి ఫ్యాక్టరీలో పొగ దగ్గర పని చేసేటప్పుడు ముఖానికి గుడ్డ కట్టుకొమ్మని నా మాటగా చెప్పు. నీవు రక్తపరీక్ష చేయించుకున్నావో లేదో ఫోనులో ఎన్నిసార్లు అడిగినా మాట దాటవేస్తున్నావు. కిడ్నీల జబ్బు ఇంటింటా ఉన్న ఉద్దానంలో పుట్టినవాళ్లము, ఒళ్లు బాగానే ఉన్నదనుకొని ఊరుకొనే వీలు మనకు లేదు. ఈ వారమే పలాస వెళ్లి చేయించుకో.

ఈ ఉత్తరాన్ని నీవు ఒక్కతెవే కూర్చుని చదువుకో. బావగారికి వినిపించాలో వద్దో చివరిదాకా చదివాక నీవే నిర్ణయించుకో. ఫోనులో చెప్పవలసిన సంగతి కాదు ఇది. మీ ఇద్దరికీ ఉన్నది ఒకే ఫోను, అందులో ఎవరు మాట్లాడినా వీధి గుమ్మం దాకా వినబడుతుంది. ముందే చెబుతున్నాను, భయపడవలసినది ఏమీ లేదు. నీవు తప్పు చేయలేదు. ఆ మాట మనసులో పెట్టుకొని చదువు.

నేను ఇక్కడికి వచ్చాక వర్షాకాలం నడిమికి చేరింది. మీ వదిన పోయిన తరువాత ఆ ఇంట్లో ఒక్కడినీ ఉండలేక వచ్చాను గాని, ఇక్కడ అల్లుడుగారు ఓడమీద వెళ్లిన రోజుల్లో మళ్లీ అంతే. సువార్త గది తలుపు వేసుకొని పని చేసుకుంటూ ఉంటుంది. నేను వరండాలో కూర్చుని వానను చూస్తూ ఉంటాను. వాన మన వైపులాగా వచ్చి వెళ్లిపోయేది కాదు. రేకులమీద పొద్దస్తమానమూ పడుతూనే ఉంటుంది, ఎవరో పక్కగదిలో ఆగకుండా మాట్లాడుతున్నట్టు. కొబ్బరిచెట్లు మన వజ్రపుకొత్తూరు తోటల్లోవాటిలాగే ఉన్నాయి. అందుకే ఒక్కొక్కసారి ఎక్కడ ఉన్నానో తెలియదు. చేపలకు లోటు లేదు. మంచినీళ్లు మాత్రం తాగిన ప్రతిసారీ, ఇవి మన నీళ్లు కావు, ఇవి మంచివి అని నాకు నేనే చెప్పుకొంటాను.

మన వైపువారు చాలామందే ఉన్నారు. పక్కింటి లక్ష్మమ్మది జలంత్రకోట. "మాస్టారూ, ఏటి సేత్తన్నారు? వాన నెక్కెడతన్నారేటి?" అని గోడమీదనుంచి పలకరిస్తుంది. "చేస్తున్నారు, లెక్కపెడుతున్నారు" అని దిద్దితే, "నానూ అదే కదేటి అన్నాను!" అంటుంది. మన తెలుగు సంఘంలో నన్ను వాక్యం చదవమన్నారు. పాస్టరుగారు ఒత్తులు మింగుతారు. ఆరాధన తరువాత పక్కకు పిలిచి చెప్పాను. అప్పటినుంచి నన్ను చూస్తే తొందర పనులు గుర్తుకొస్తున్నాయి ఆయనకు.

ఇక అసలు సంగతికి వస్తున్నాను.

సువార్త పని చేసే కంపెనీ విశాఖపట్నంలో ఉన్నది గదా. దాని లెక్కలూ బిల్లులూ అన్నీ ఆ కంపెనీ లోపలి కంప్యూటర్లలో ఉంటాయి. బయటివారు వాటిని చూడడానికి వీలు లేదు. ఇంట్లో కూర్చుని పని చేసేవారికి వి.పి.ఎన్. అని ఒక మరుగుదారి ఇస్తారు. పేరు చెప్పి, పాస్‌వర్డు చెబితే తలుపు తెరుచుకుంటుంది. ఇక్కడ కూర్చునే అక్కడి గదిలో ఉన్నట్టు పని చేసుకోవచ్చు. పాస్‌వర్డును నేను సంకేతపదం అంటే సువార్త నవ్వుతుంది. సరే, నవ్వనీ.

ఇటీవల కంపెనీవారు పాత పాస్‌వర్డులను అందరూ మార్చుకోవాలని నియమం పెట్టారు. సువార్తా మార్చుకుంది. ఆనాటినుంచి మొదలైంది. పగలంతా బాగానే ఉంటుంది. సాయంకాలం, ఇక్కడ చీకటి తొందరగా పడుతుంది గదా, మీరు దీపం పెట్టుకొనే వేళకు, తలుపు మూసుకుపోతుంది. చేతిలో పని చేతిలోనే ఆగిపోతుంది. పేరు చెప్పినా, పాస్‌వర్డు చెప్పినా లోపలికి రానివ్వదు.

వాననుకున్నాము. నెట్టు పెట్టెను ఆపి మళ్లీ వెలిగించాము. తీగలు మార్చాము. అల్లుడుగారి ఫోనునుంచి నెట్టు తీసుకొని చూశాము. కంప్యూటరును మొత్తం ఊడ్చి కడిగినట్టు చేసి, వి.పి.ఎన్.ను కొత్తగా పెట్టాము. ఏమి చేసినా మరునాటి సాయంకాలం తలుపు మళ్లీ మూసుకొనేది. కంపెనీలో ఇటువంటి మరమ్మతులు చూసే నవీన్ అనే అతను హైదరాబాదులో కూర్చుంటాడు. అతనికి ఫోను చేస్తే తాళం తీసేవాడు; మరునాడు అదే కథ.

ఒక రోజు అతను అన్నాడు: "మేడమ్, మీ కంప్యూటర్ల ఏం లేదు. ఎవరో మీ పేరు చెప్పి తప్పుడు పాస్‌వర్డ్ కొడుతుండ్రు. మూడుసార్లు తప్పయితే అకౌంట్ దానంతట అదే లాక్ అయితది. రోజూ గదే టైముకు."

"ఎవరు? ఎక్కడినుంచి?"

"పలాస దిక్కునుంచి అని చూపెడుతుంది."

పలాస అన్నాడు, శాంతా. సువార్త ఆ మాటను మళ్లీ చెప్పించుకుంది. మరునాడే ఆమె మేనేజరు పిలిచి, "పలాసలో ఎవరికి నీ పాస్‌వర్డు ఇచ్చావు?" అని అడిగాడు. ఎవరికీ ఇవ్వలేదని చెప్పింది. నమ్మలేదు. నెలాఖరులోగా ఆ మనిషి ఎవరో తేల్చి చెప్పకపోతే ఉద్యోగం నుంచి తొలగిస్తామన్నాడు. ఈ ద్వీపంలో కూర్చుని చేయగలిగిన ఉద్యోగం ఆమెకు ఇంకొకటి దొరకదు. అల్లుడుగారు ఓడ పని విడిచి రాలేరు. ఆ రోజు సువార్త అన్నం ముట్టలేదు. "నాన్నా, అక్కడ నాకు శత్రువులు ఎవరున్నారు?" అని అడిగింది. నేను ఒక్కొక్కరినే తలచుకొన్నాను. పలాసలో, టెక్కలిలో, హరిశ్చంద్రపురంలో, నేను పాఠం చెప్పిన పిల్లలందరినీ. ఒక్క ముఖమూ కనబడలేదు. ప్రతి సాయంకాలమూ ఎవరో మన ఊరినుంచి వచ్చి, నా కూతురి పేరు చెప్పి, మూడుసార్లు తలుపు తట్టి వెళ్లిపోతున్నారు. అంతే తెలుసు.

నవీన్‌ను మళ్లీ పట్టుకొన్నాము. ఆ వచ్చేది ఏ కంప్యూటరునుంచో తెలియదా అని అడిగితే, "కంప్యూటర్‌కు పేరుంటది సర్, ఉండుండ్రి" అని వెదికాడు. తరువాత ఒక్కొక్క అక్షరమే ఇంగ్లీషులో చదివాడు. "వి, ఎ, సి, హెచ్, ఐ, ఎస్, ఇ, ఎన్, యు. వచిసెను. ఏం భాష సర్ ఇది? ఒరియానా?"

నా నోరు నన్ను అడగకుండానే, "'వచ్చాను' అనాలి" అన్నది.

అన్నాక ఆగిపోయాను. సువార్త నా ముఖంలోకి చూస్తోంది. ఆమె కళ్లలో నీళ్లు అప్పటికే ఉన్నాయి.

"ఒరియా కాదు బాబూ" అన్నాను. "తెలుగే."

నీకు ఇప్పటికి అర్థమై ఉంటుంది. మన సామేలు కంప్యూటరు, తాను ఇంటికి రాగానే అనే మాటనే దానికి పేరుగా పెట్టాడు. కరోనా రోజుల్లో సువార్త మీ ఇంట్లో ఉండి పని చేసినప్పుడు, కంపెనీ అనుమతితో వాడు తన యంత్రంలోనే దారి ఏర్పాటు చేసి ఇచ్చాడు. "నువ్వేటీ కొట్టక్కర్లేదే సువార్తా. ఆన్ చేత్తే సాలు, అదే ఎల్లి నీ పేరు సెప్పి తలుపు తడతాది" అన్నాడట. తరువాత సువార్త ఇక్కడికి వచ్చేసింది. దారి అందులోనే ఉండిపోయింది, పాత పాస్‌వర్డుతో.

"ఎవరి మిషన్ సర్?" అని నవీన్ అడిగాడు.

"మా బావది, మా అత్త కొడుకుది" అన్నది సువార్త. "అతను లేడు."

"ఎప్పుడొస్తడు మేడమ్?"

నేనే ఫోను తీసుకొన్నాను. "రోజూ వస్తున్నాడు బాబూ. అదే గదా మీ ఇబ్బంది" అన్నాను. అతనికి కాసేపు ఏమీ బోధపడలేదు. బోధపడ్డాక గొంతు తగ్గించి, పాత వివరాలు ఏవో తిరగేసి, ఒక మాట చెప్పాడు. అది విన్నప్పటినుంచి నాకు మనసు మనసులో లేదు.

"సర్, ఇప్పటి సంగతి కాదు. రెండేండ్ల సంది రోజూ వస్తున్నది ఆ మిషన్. అప్పుడు పాత పాస్‌వర్డ్ నడిచేది కాబట్టి తలుపు తెరుచుకునేది, ఎవ్వరికీ తెల్వలే. లోపటికి వచ్చి ఏం ముట్టలేదు. కొంచెంసేపు ఉండి పోయింది. రోజూ గంతే."

రెండేళ్లు, శాంతా. వాడు పోయినప్పటినుంచి. ఆ కంపెనీ గదుల్లోకి ప్రతి సాయంకాలమూ వచ్చి, ఏదీ ముట్టుకోకుండా కూర్చుని, ఎవరూ పలకరించకపోతే లేచి వెళ్లిపోయాడని అనిపించింది నాకు. అది యంత్రమని తెలుసు. కారణం లేకుండా కార్యం లేదని ఎంతమంది పిల్లలకు చెప్పి ఉంటాను! అయినా మరునాటి సాయంకాలం వానలో గేటు గొళ్లెం చప్పుడైతే, "వచ్చీసేవేటి?" అని నా నోటినుంచి వచ్చింది. వచ్చింది లక్ష్మమ్మ, చేపల పులుసు గిన్నెతో. ఆమె గొడుగు కింద నిలబడిపోయి, "మాస్టారూ! ఏటిది, మీరూ మా బాస మాటాడతన్నారు!" అన్నది. ఆ గిన్నె అందుకొని లోపలికి వచ్చేశాను.

ఆ తరువాతి రోజు సాయంకాలం నీకు ఫోను చేశాను. గుర్తున్నదా? కావాలనే ఆ వేళకు చేశాను.

"అన్నయ్యా! తిన్నావేటి?" అన్నావు.

"సామేలు గదిలో కంప్యూటరును ఎవరైనా వాడుతున్నారా?" అని అడిగాను.

"ఎవులు ముట్టుకుంటారు? గుడ్డ కప్పీసి ఉన్నాది. దుమ్ము దులుపుతన్నానంతే."

నీ మాట పూర్తి కాకముందే నీ వెనకనుంచి వినబడింది. ముందు సన్నగా పంకా తిరిగిన రొద. తరువాత వాడి గొంతు.

"అమ్మా, వచ్చీసేను."

నీవు గట్టిగా దగ్గావు. దగ్గి, "అక్కడ వానలు పడతన్నాయేటి?" అని అడిగావు. పడుతున్నాయి అన్నాను. అదే సమయాన పక్కగదినుంచి సువార్త, "నాన్నా, మళ్లీ మూసుకుపోయింది" అన్నది. నేను ఫోను పట్టుకొని నిలబడ్డాను. అటు నీవు, ఇటు నీ మేనకోడలు, మధ్యలో వాడు.

డయాలసిస్‌కు పలాస వెళ్లిన రోజుల్లో, ఆటో దిగి, సూదులు గుచ్చిన చెయ్యి రెండో చేత్తో పట్టుకొని, గేటు దగ్గరనుంచే వాడు అలా పిలిచేవాడు. నేను వరండాలో ఉంటే, "'వచ్చాను' అనరా" అనేవాణ్ణి. ఒకనాడు మెట్టుమీద కూర్చుని ఆయాసపడుతూనే నవ్వి, "'వచ్చాను' అంటే మల్లీ ఎల్లిపోతాననుకుంటాది మాయమ్మ. 'వచ్చీసేను' అంటే ఇంక ఎక్కడికీ ఎల్నని, మావయ్యా" అన్నాడు. యంత్రం తెరుచుకోగానే ఆ మాట వినబడేటట్టు పెట్టింది ఆ రోజుల్లోనే. "నాను పలాసలో పడుకున్న రోజు కూడా ఇంట్లో నా గొంతు ఇనబడాల" అన్నాడని నీవే నాకు చెప్పావు. నేను మరచిపోయాను. నీవు మరచిపోలేదు.

బావగారికి తెలియకుండా వెలిగిస్తున్నావని నాకు తెలుసు. ఆయన ఆ యంత్రాన్ని ఎవరికైనా ఇచ్చేద్దామని అన్నప్పుడు నీవు లోపలికి వెళ్లి తలుపు వేసుకొన్న సంగతి ఆయనే నాకు చెప్పారు. చనిపోయినవారిని పిలవడం పాపమని సంఘంలో ఎవరో అన్నారని కూడా విన్నాను. నీవు ఎవరినీ పిలవడం లేదు. వాడు బ్రతికి ఉండగా నీకోసం అన్న మాటను వింటున్నావు. ఫొటో చూడడం పాపం కాకపోతే ఇదీ కాదు. వాక్యం నాకూ తెలుసు. ఎవరైనా అడిగితే నా దగ్గరికి పంపించు.

ఇప్పుడు ప్రమాదం ఎక్కడ ఉన్నదో చెబుతాను. బయటి యంత్రం ఒకటి కంపెనీ తలుపు తడుతున్నదని తేలితే, అది మళ్లీ నెట్టులోకి వచ్చిన క్షణాన, దానిలో ఉన్నదంతా అక్కడినుంచే తుడిచివేయాలని వారి నియమం. కంపెనీ దారి పెట్టిన ప్రతి యంత్రానికీ అది వర్తిస్తుందట. "ఒక్క బటన్ సర్" అన్నాడు నవీన్. సువార్త, "ఆగండి, ఆగండి" అని అరిచింది. ఆ పిల్ల అలా అరవగా నేను ఎన్నడూ వినలేదు. అతను మంచివాడు. ఏ యంత్రమో ఇంకా తేలలేదని నెలాఖరు దాకా వ్రాసుకొంటానన్నాడు. అంతకు మించి తన చేతిలో లేదన్నాడు.

వాడి గొంతు పోతే సువార్త ఉద్యోగం నిలుస్తుంది. వాడి గొంతు ఉంచితే ఉద్యోగం పోతుంది. ఆమె నాతో ఏమన్నదో తెలుసా? "అత్తను ఆపమని చెప్పకు నాన్నా. నేను ఇంకేదైనా చూసుకుంటాను" అన్నది. ఇప్పుడు సాయంకాలం ఆ వేళకు ముందే పని ఆపి లేచి వరండాలోకి వస్తున్నది. నీవు వినడం అయ్యేదాకా నా పక్కన కూర్చుంటుంది. తరువాత లోపలికి వెళ్లి తాళం తీయమని నవీన్‌ను అడుగుతుంది.

కాని రెండూ నిలిచే ఉపాయం ఒకటి ఉన్నది. నవీన్‌ను మూడుసార్లు అడిగి రూఢి చేసుకొన్నాను. నిదానంగా చదువు.

వాడి గొంతు యంత్రం లోపల ఉన్నది. తీగలో లేదు. నెట్టులో లేదు. ఇది బాగా గుర్తుంచుకో. టీవీకోసం బావగారు పెట్టించిన నెట్టు పెట్టెనుంచి యంత్రం వెనక్కు ఒక నీలం తీగ వెళుతుంది. తలుపు తట్టడానికి అది వెళ్లేది ఆ తీగ గుండానే. యంత్రం ఆపి ఉన్నప్పుడు, పగటిపూట, వెనకవైపు ఆ నీలం తీగ కొసను పట్టుకో. దానిమీద చిన్న నాలుకవంటిది ఉంటుంది. దాన్ని వేలితో నొక్కి పట్టి, మెల్లగా నీవైపుకు లాగు. టక్కుమని వచ్చేస్తుంది. నొక్కకుండా లాగితే రాదు, విరుగుతుంది. నల్ల తీగలను ముట్టుకోకు, అవి కరెంటువి. నీలం తీగ ఒక్కటే. తీశాక చుట్టచుట్టి నీ పెట్టెలో పెట్టుకో, బావగారు మళ్లీ తగిలించకుండా.

ఆ తరువాత ఎప్పటిలాగే వెలిగించు. నెట్టు లేదని ఇంగ్లీషులో ఏదో వ్రాసి చూపిస్తుంది. దాని మానాన దాన్ని వదిలేయి. వాడు నీ ఒక్కదానితోనే మాట్లాడుతాడు. కంపెనీ తలుపు దాకా వెళ్లడు, అక్కడ ఎవరూ వాణ్ణి తుడిచివేయలేరు. పాత యంత్రం ఇంట్లో దొరికింది, నెట్టునుంచి తీసివేశాము అని సువార్త మేనేజరుకు నిజమే వ్రాయగలుగుతుంది. ఫోనులో చెబితే నీవు కంగారుపడి ఏ తీగ పడితే అది లాగుతావని, లేదా సిగ్గుపడి యంత్రాన్నే మూటగట్టి అటక ఎక్కిస్తావని ఇంత పొడుగున వ్రాశాను.

ఒక సంగతి మిగిలింది. ఆ మాటను నేను ఈ మధ్య మళ్లీ మళ్లీ విప్పి చూశాను. రావడం అనే క్రియకు వేయడం అనే క్రియ తోడు చేరితే ఆ పని పూర్తి అయినట్టు, ఇక వెనక్కి పోనట్టు. 'వచ్చివేశాను' అన్నది నోట నలిగి మన వైపు 'వచ్చీసేను' అయింది. వాడు మెట్టుమీద కూర్చుని చెప్పిన అర్థం వ్యాకరణానికి సరిగ్గా సరిపోతుంది. అందులో దిద్దవలసినది ఏమీ లేదు.

బావగారికి నా నమస్కారాలు. పాస్టరుగారికీ, సంఘంలో పెద్దలకూ నా వందనాలు చెప్పు. మా కోసం ప్రార్థించమని అడుగు. వీలైతే ఎండు నెత్తళ్లు కొంచెం, ఎవరైనా ఓడకు వచ్చేవారితో పంపు, సువార్త అడుగుతోంది. రక్తపరీక్ష మాట మరచిపోకు. ప్రభువు నిన్ను కాపాడుగాక.

నీలం తీగ తీసిన రోజు సాయంకాలం ఫోను చెయ్యి. నీవు ఏమీ చెప్పనక్కరలేదు. యంత్రం వెలిగించి, ఫోను దాని దగ్గర పెట్టు. దగ్గవద్దు. ఆ వేళ సువార్త లేచి రాదు, పని చేసుకుంటూనే ఉంటుంది. వాడు వచ్చినట్టు నాకు వినబడి, ఇక్కడ ఆమె తలుపు తెరిచే ఉంటే, అందరమూ ఇంట్లో ఉన్నట్టే.

నీ క్షేమమే కోరే
అన్నయ్య
ప్రేమానందం